వానలో ఫియోర్డ్

2018 నవంబరు 16, శుక్రవారం
టె అనౌ

పొద్దున్నే డ్యునెడిన్‌లో బయల్దేరి మధ్యాహ్నం భోజనాల వేళకి టె అనౌ చేరాం. కారు అల్లుడు నడిపాడు. ఊరు చిన్నది. ఊరిని ఆనుకునే సరస్సు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ఇదే అన్నిటికన్నా పెద్దది, 344 చదరపు కిలోమీటర్లు. లోతు 417 మీటర్లని చదివి ఒడ్డునే కాసేపు నిలబడిపోయాను. నీటిమట్టం సముద్రానికి దాదాపు 200 మీటర్ల ఎత్తున ఉంది. అంటే సరస్సు అడుగు సముద్రమట్టం కన్నా 200 మీటర్లు దిగువన ఉన్నట్టు. ఏ నదీ ఇలా తవ్వలేదు. నది ఎంత కోసినా సముద్రమట్టం దాకానే. అంతకు దిగువకు పారడానికి దానికి వాలు దొరకదు. మంచుకి ఆ హద్దు లేదు. వందల మీటర్ల మందాన పేరుకున్న మంచు తన బరువుకే కదులుతుంది. అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండని అరగదీసుకుంటూ సముద్రమట్టం కిందికీ దిగిపోతుంది. అది కరిగాక ఆ గోతిలో మంచినీళ్లు నిలిస్తే ఇలాంటి సరస్సు. సముద్రం లోపలికొస్తే ఫియోర్డ్. రేపు మేం వెళ్లే మిల్‌ఫర్డ్ సౌండ్ ఆ రెండో రకం.

ధవళేశ్వరంలో ఉద్యోగం చేసినంత కాలం వాననీ వరదనీ అంకెల్లో రాయడమే నా పని. అందుకే ఇక్కడి అంకెలు వదలబుద్ధి కావడం లేదు. మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి సగటున 6,400 మిల్లీమీటర్ల పైన వాన. మా గోదావరి జిల్లాల్లో 1,100 నుంచి 1,200. ఇక్కడ టె అనౌలో కూడా ఇంచుమించు అంతే. ఇక్కణ్ణించి మిల్‌ఫర్డ్‌కి రోడ్డు మీద 120 కిలోమీటర్లు. అంత దగ్గరలో అయిదు రెట్ల తేడా. టాస్మన్ సముద్రం మీంచి వచ్చే పడమటి గాలి తడినంతా మోసుకొచ్చి, ఒక్కసారిగా లేచిన కొండలకి కొట్టుకుని అక్కడే కురిపించేస్తుంది. కొండ దాటి ఇటు వచ్చేసరికి మబ్బులో మిగిలేది తక్కువ.

రాత్రి అమ్మాయి ఫోన్‌లో వాతావరణం చూసి, "నాన్నా, రేపంతా వానే చూపిస్తోంది. టికెట్లు ఎల్లుండికి మార్చేయనా?" అంది. వద్దన్నాను. ఏడాదిలో సగం రోజులు కురిసే చోటు అది. వానే అక్కడి మామూలు రోజు. ఆ మామూలు రోజే చూడాలని ఉంది. రోడ్డు తెరిచి ఉందో లేదో మాత్రం పొద్దున్నే కనుక్కోమన్నాను.

2018 నవంబరు 17, శనివారం
రాత్రి, టె అనౌ

రోడ్డు తెరిచే ఉందని ఏడింటికి తెలిసింది. బయల్దేరాం.

ఎగ్లింటన్ లోయ దాకా సన్నటి జల్లు. లోయ అడుగు చదును, పక్కలు గోడలు. పాపికొండల్లో గోదావరి తోవ ఇలా ఉండదు. నది కోసిన లోయకి కిందికి పోయేకొద్దీ ఇరుకు. మంచు తోసుకుపోయిన లోయకి అడుగు కూడా పైంత వెడల్పు.

ఇంకా ముందుకి పోతే "ఇక్కడ ఆగరాదు" అని బోర్డులు. పై కొండల మీంచి మంచుచరియలు జారిపడే చోట్లవి. 1983లో రోడ్డు పనులు చూసే ఉద్యోగి ఒకరు మంచుచరియల కింద పడి చనిపోయారు. అప్పట్నించీ ఈ రోడ్డుకి ప్రత్యేకమైన కాపలా ఏర్పాటు చేశారు. కొండల మీద మంచు ఎంత పేరుకుందో లెక్క తీస్తారు. ప్రమాదం ఉందనుకుంటే రోడ్డు మూసేసి, హెలికాప్టర్ మీంచి పేలుడు పదార్థాలు వేసి మంచుని వాళ్లే ముందుగా కింద పడేస్తారు. అది పడ్డాక, రోడ్డు శుభ్రం చేశాక తెరుస్తారు. ఈ రోడ్డు మీద ప్రయాణించేవాళ్లలో చాలామంది సెలవులకి వచ్చినవాళ్లే. వాళ్ల కోసం ఇంత శ్రద్ధ.

హోమర్ సొరంగం దగ్గర ఆగాం. 1935లో, పనులు దొరకని ఆర్థిక మాంద్యం రోజుల్లో, అయిదుగురు మనుషులు పికాసులతో, చక్రాల బండ్లతో మొదలుపెట్టారు. మిల్‌ఫర్డ్ వైపుకి పదడుగులకి అడుగు చొప్పున వాలు. రాతి పగుళ్లలోంచి దిగే మంచునీళ్లు పనిచేసే ముఖం దగ్గరికే పోయి నిలిచేవి. గంటకి 40,000 లీటర్లు తోడాల్సి వచ్చింది. దానికోసం పక్క ఏటి మీద విద్యుత్ కేంద్రమే కట్టుకున్నారు. మంచుచరియలకి ముగ్గురు కార్మికులు బలయ్యారు. మధ్యలో యుద్ధం. చివరికి 1954లో వాహనాలకి తెరిచారు. పొడవు కిలోమీటరుంపావు. లోపల గోడలకి పూత లేదు. కారు దీపాల్లో రాతి మీద గంట్లు కనబడుతూనే ఉంటాయి, నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ రాళ్ల ముందు మనసులో నమస్కారం పెట్టుకున్నాను.

సొరంగం బయట కియా అనే కొండచిలుక ఒకటి మా కారు మీద వాలింది. ఆకుపచ్చ ఒళ్లు, రెక్క విప్పితే అడుగున నారింజ రంగు. వంకర ముక్కుతో కిటికీ రబ్బరు పట్టుకుని పీకింది. మనవడు బిస్కెట్ తీయబోతే వాళ్లమ్మ ఆపింది. మన తిండి వాటికి చేటు. తిండి పెట్టొద్దని బోర్డు కూడా ఉంది.

సొరంగం దాటి అటు వెలుతుర్లోకి వచ్చేసరికి వాన మారిపోయింది. కొండ గోడల నిండా తెల్లటి చారలు. ఒకటీ రెండూ కాదు, చూపు ఎక్కడ పడితే అక్కడ నీళ్లు దూకుతున్నాయి. ఏడాది పొడుగునా పారే జలపాతాలు ఇక్కడ పెద్దవి రెండే, బోవెన్, స్టిర్లింగ్. మిగతావన్నీ వానతో పుట్టి, వాన ఆగిన కొన్ని గంటలకి ఎండిపోతాయి. మట్టి దాదాపు లేని కొండలివి. పడ్డ నీటిని దాచుకోడానికి రాతికి చోటు లేదు.

బోటు కదిలేముందు సరంగు మైకులో లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, గాలి పెరిగితే ఏ మెట్లు మూసేస్తారో, పిల్లల్ని ఎలా పట్టుకోవాలో చెప్పాడు. అతను చెప్పడం అయ్యేదాకా తాడు విప్పలేదు.

ఫియోర్డ్ పొడవు పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఎడమ పక్కన మైటర్ శిఖరం 1,680 మీటర్ల పైచిలుకు ఎత్తు, నీళ్లలోంచి నేరుగా లేచి నిలబడింది. మధ్యలో మెట్టు లేదు, ఒడ్డు లేదు. సగం పైన మబ్బులో ఉంది. గోడ నీటి కింద కూడా అలాగే నిటారుగా దిగుతుంది కాబట్టి అంత పెద్ద బోటుని రాతికి ఆనించినంత దగ్గరికి తీసుకెళ్లారు. లోపల లోతు 290 మీటర్ల దాకా ఉంది. సముద్రం కలిసే చోటికి వచ్చేసరికి అడుగు బాగా పైకి లేస్తుంది. హిమానీనదం అక్కడితో బలం తగ్గి, తను మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ వదిలేసిన చోటది. ఆ మెట్టే లోపలి నీటిని సముద్రపు హోరు నుంచి కాపాడుతోంది.

డేల్ పాయింట్ దాటి టాస్మన్ సముద్రంలోకి ముక్కు పెట్టగానే బోటు ఊగడం మొదలైంది. అంతవరకూ చదునుగా ఉన్న నీరు ఒక్కసారిగా కొండలై లేచింది. కెప్టెన్ కుక్ 1770లో ఈ తీరం వెంబడే వెళ్లాడు. ఈ నోరు అతని కంటపడలేదు. వెనక్కి తిరిగి చూస్తే నాకూ కనబడలేదు. ఒక కొండ చివర ఇంకో కొండ వెనక్కి జరిగి, దారి మూసుకుపోయినట్టే ఉంది. తర్వాత లోపలికి వచ్చి ఈ పేరు పెట్టినవాడు జాన్ గ్రోనో, 19వ శతాబ్దపు తొలినాళ్లలో సీళ్ల వేటకి వచ్చిన నావికుడు. వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ పేరు తెచ్చి దీనికి పెట్టాడు. ఆ వేటగాళ్లు తోళ్ల కోసం ఈ తీరాన సీళ్లని తుడిచిపెట్టినంత పని చేశారు. 1978 చట్టంతో వాటికి పూర్తి రక్షణ వచ్చింది. తిరుగు దారిలో ఒక బండ మీద పది పన్నెండు సీళ్లు వానలో పడుకుని ఉన్నాయి. బోటు దగ్గరికి వెళ్తే ఒకటి మాత్రం తల ఎత్తి, మీసాల మీది నీళ్లు విదిల్చి, మళ్లీ పడుకుంది. మనిషిని చూసి భయపడాల్సిన అవసరం లేకుండా బతుకుతున్న జంతువుని చూడడం మనసుకి ఎంత హాయి!

స్టిర్లింగ్ జలపాతం 150 మీటర్ల పైచిలుకు. పెద్ద హిమానీనదం లోయని లోతుగా తవ్వేస్తే, దాన్లో కలిసే చిన్నది అంత లోతు తవ్వలేక పైనే ఉండిపోయింది. మంచు పోయాక ఆ పైలోయ ఏరు గాల్లోకి దూకాల్సిందే. సరంగు బోటు ముక్కుని ఆ నీటి కిందికి నెమ్మదిగా తోశాడు. ముందు గాలి తగిలింది. పడే నీరు తోసే గాలి అది, మొహం మీద చాచి కొట్టింది. తర్వాత హోరు. తర్వాత నీళ్లు. మా ఆవిడ రెయిన్‌కోటు టోపీ తీసేసి తలెత్తి నిలబడింది. గోదావరి పుష్కరాల్లో మునిగి లేచినప్పటి మొహం మళ్లీ చూశాను.

2018 నవంబరు 18, ఆదివారం
టె అనౌ

నిన్న రాయకుండా మిగిలినవి ఇవాళ రాస్తున్నాను. నాకు మరీ ముఖ్యమైనవి ఇవే.

మొదటిది, గోడల మీది అడవి. రాయి నున్నగా ఉంది. మంచు పట్టిన సానది. దాని మీద నిలువునా బీచ్ చెట్లు. మట్టి ఏదీ? బోటు దగ్గరికెళ్లినప్పుడు చూశాను. రాతి మీద ముందు లైకెన్, దాని మీద తడిసి ఉబ్బిన నాచు, నాచులో ఫెర్న్, ఆ తడి చాపలో వేళ్లు పెనవేసుకున్న చెట్లు. వేళ్లు రాతిలోకి దిగవు. ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతుంటాయి. భారీ వాన పడి నాచు నీళ్లు తాగి బరువెక్కితే పైన ఒక చెట్టు జారుతుంది. అది కింద వాటిని లాగుతుంది. కొండ పైనుంచి నీటి దాకా అడవి మొత్తం చాపలా ఊడిపోతుంది. నిన్న అలాంటి చోట్లు ఎన్నో కనబడ్డాయి: ఒకచోట ఒట్టి రాయి, ఒకచోట లైకెన్ మరక, ఒకచోట నాచు, ఒకచోట పొదలు, పక్కనే నిండు అడవి. మళ్లీ నిండు అడవి కావడానికి వందేళ్ల లెక్క. ఆ అడవిని పెంచేదీ వానే, కూల్చేదీ వానే.

రెండోది, నీటి రంగు. ఇంత వాన అడవిలోంచి దిగేటప్పుడు ఆకుల కసరునీ వేళ్ల కసరునీ కడుక్కుని వస్తుంది. అది ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి కలవకుండా పైనే, కొన్ని మీటర్ల మందాన నిలుస్తుంది, డికాక్షన్ పలచన చేసినట్టున్న రంగుతో. వెలుతురు చాలావరకు ఆ పొరలోనే ఆగిపోతుంది. కిందున్న సముద్రపు నీటికి పది మీటర్ల లోతులోనే మసకచీకటి. దానివల్ల ఎక్కడో లోతు సముద్రంలో బతకాల్సిన జీవాలు ఇక్కడ పైకి వచ్చేశాయి.

హారిసన్ కోవ్ దగ్గర నీటి మీద తేలే పరిశీలన కేంద్రం ఉంది. మెలికల మెట్లు దిగితే పది మీటర్ల లోతు. చుట్టూ అద్దాలు. అక్కడే నల్ల పగడం చూశాను. బతికున్నప్పుడు దాని ఒళ్లు తెలుపు; లోపలి అస్థిపంజరమే నలుపు. కొమ్మలు చిన్న చెట్టులా ఉన్నాయి. ఒక కొమ్మకి పాము నక్షత్రమనే జీవి గట్టిగా చుట్టుకుని ఉంది. రాత్రయితే చేతులు విప్పి మేతకి సాగుతుందట, పగడాన్ని శుభ్రంగా ఉంచుతుందట. మనవడు అద్దానికి ముక్కు ఆనించి, "తాతయ్యా, దీనికి పైన వాన పడుతోందని తెలుసా?" అని అడిగాడు. తెలియదురా, కానీ ఆ వాన లేకపోతే అది ఇక్కడ ఉండేది కాదు అన్నాను. ఫియోర్డ్ ఉత్తరపు ఒడ్డు వెంబడి ఈ నీటిని 1993లో సముద్ర అభయారణ్యం చేశారు. చేపలు పట్టకూడదు, ఏదీ తీయకూడదు.

మావోరీలు ఈ చోటిని పియోపియోటాహి అంటారు. 1998లో న్గాయ్ టహు ప్రజలతో ప్రభుత్వం చేసుకున్న పరిష్కార చట్టం వచ్చాక రెండు పేర్లూ కలిపి రాస్తున్నారు. వాళ్ల కథలో ఈ లోయల్ని చెక్కినవాడు టూ టె రకిఫనోవా అనే దేవుడు. బాడిసె పట్టి, మంత్రాలు చదువుతూ దక్షిణాన మొదలుపెట్టి, చేయి తిరుగుతూ ఉత్తరానికి వచ్చాడు. చిట్టచివర, పనితనం పండాక చెక్కింది ఇది. చూడ్డానికి వచ్చిన మృత్యుదేవత హినె నుయి టె పో, ఇంత అందం చూస్తే మనుషులు ఇక్కడే పాతుకుపోతారని భయపడి, కుట్టే చిన్న నల్ల ఈగల్ని వదిలింది. అవి నిన్న రేవులో మా అందరి చేతుల మీదా వాలాయి. కథలోని నీతి నాకు నచ్చింది. రావాలి, చూడాలి, వెళ్లిపోవాలి.

ఒక ఇంజనీరింగ్ సంగతి కూడా రాసుకోవాలి. రేవు పక్కన దూకే బోవెన్ జలపాతపు ఏటి నుంచే మిల్‌ఫర్డ్‌లోని చిన్న ఊరికి కరెంటూ మంచినీళ్లూ. ఇంకో సంగతి, ఆల్పైన్ ఫాల్ట్ అనే పెద్ద భ్రంశరేఖ ఫియోర్డ్ నోటి దగ్గర్లోనే పోతుంది. దాని మీద చివరి పెద్ద భూకంపం 1717లో వచ్చిందని చెట్ల వలయాలు చూసి తేల్చారు. ఈ అందం కింద ఇంత బలం ఉంది. ఆ సంగతి ఇక్కడివాళ్లు దాచరు. బోర్డు పెట్టి మరీ చెబుతారు.

2019 సెప్టెంబరు 17, మంగళవారం
రాజమహేంద్రవరం

ఆదివారం దేవీపట్నం పైన కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిపోయింది. ఇంకా దొరకని వాళ్ల కోసం ఇంట్లోవాళ్లు ఊళ్లో ఎదురుచూస్తున్నారు. ఒడ్డునున్న గిరిజన గూడెం వాళ్లు పడవలేసుకుని వెళ్లి చేతికందినవాళ్లని కాపాడారు. వాళ్లు లేకపోతే ఇంకెంత ఘోరమో.

నన్ను నిద్రపోనివ్వనిది ఒక అంకె. ఆ రోజు నదిలో అయిదు లక్షల క్యూసెక్కుల పైచిలుకు ప్రవాహం. ధవళేశ్వరంలో 11.75 అడుగులు, పది లక్షల క్యూసెక్కుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తాం. అంటే ఆ రోజు మా లెక్కలో హెచ్చరికే లేదు. ఆ గీతలు లంకల్లో, ఒడ్డున ఉండేవాళ్ల కోసం గీసినవి. కొండల మధ్య ఇరుకులో, సుడులున్న మలుపులో బోటు ఎక్కేవాడికి అవి పనికిరావు. ధవళేశ్వరం దగ్గర నది వెడల్పు కిలోమీటర్ల లెక్కన ఉంటుంది, కచ్చులూరు దగ్గర రెండు కొండల సందు. ఒకే నీరు ఈ రెండు చోట్లా ఒకలా నడవదు.

మిల్‌ఫర్డ్‌లో తాడు విప్పకముందు సరంగు చెప్పిన మాటలు మళ్లీ మళ్లీ గుర్తొస్తున్నాయి. అక్కడి నీళ్లు మన నీళ్ల కన్నా మెత్తనివి కావు. నీటికి ఏ రోజు ఎంత బలముందో చూసి మనుషుల్ని పంపడమే తేడా.

2020 ఫిబ్రవరి 6, గురువారం
రాజమహేంద్రవరం

అమ్మాయి రాత్రి ఫోన్ చేసింది. మిల్‌ఫర్డ్‌లో అరవై గంటల్లో 1,000 మిల్లీమీటర్ల పైన కురిసిందట. మా జిల్లాలో దాదాపు ఏడాదంతా పడే వాన రెండున్నర రోజుల్లో. మేం వెళ్లిన రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది. సోమవారం అత్యవసర పరిస్థితి ప్రకటించి, అక్కడ చిక్కుకున్న పర్యాటకుల్ని హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. ఎవరూ చనిపోలేదు. ఈ మాట కింద గీత గీశాను.

నాతో పనిచేసిన మిత్రుడు ఆక్లండ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి ఏప్రిల్‌లో వెళ్తూ, మిల్‌ఫర్డ్ వెళ్లొచ్చా, వాన పడితే డబ్బు దండగేమో అని అడిగాడు. ఆయనకి రాసిన జవాబు ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను. రోడ్డు బాగుచేసి తెరిస్తే తప్పకుండా వెళ్లండి. వాన ఉన్న రోజు దొరికితే అదృష్టం అనుకోండి. ఆ జలపాతాలు, ఆ అడవి, ఆ పగడం అన్నీ వాన పెట్టిన భిక్ష. రెయిన్‌కోటు మంచిది కొనుక్కోండి. ఆ పొద్దున్న రోడ్డు మూశామని చెబితే మాత్రం ఒక్క మాట కూడా అనకుండా టె అనౌలో ఆగిపోండి.

మా శాఖలో ఇప్పుడున్న పిల్లలకి కూడా ఒక ఉత్తరం రాశాను. ధవళేశ్వరం, భద్రాచలం గేజీల మీద ఊళ్ల కోసం మూడు హెచ్చరిక గీతలున్నాయి. పాపికొండల దారిలో ఇరుకుగా ఉన్న ప్రతి మలుపు దగ్గరా బోట్ల కోసం వేరే గీత గీయండి. నీరు ఆ గీత తాకిన రోజు ఒక్క బోటు కూడా రేవు దాటకూడదు.